కిటికీ తీస్తే సముద్రం

ఆ సీన్‌లో హీరో హీరోయిన్ చెవి దగ్గరికి వంగి, “నిన్ను వదిలి నేనుండలేను” అని గుసగుసలాడాలి. గుసగుసలాడాడు కూడా. కానీ ఎవరికీ వినబడలేదు. సరిగ్గా అప్పుడే స్టూడియో మూల నుంచి గోడౌను పైకప్పు కూలినంత చప్పుడైంది. హీరో డైలాగులు చదువుతున్నాయన కాగితాలు వదిలేసి రెండు చెవులూ మూసుకున్నాడు.

ఆ చప్పుడు చేసిన మనిషి మాత్రం నిలువెత్తు ఇనపరేకు రెండు చేతులా పట్టుకుని, పని బ్రహ్మాండంగా కుదిరిందన్న తృప్తితో నిలబడి ఉన్నాడు.

అతన్ని అందరూ సౌండు అంటారు. ఆడియో కథలు తయారుచేసే ఆ చిన్న కంపెనీలో తలుపు కిర్రుమన్నా, గుర్రం పరుగెత్తినా, గ్లాసు పగిలినా అదంతా అతని చేతి చలవే. సొంత పేరు ఒకటుంది గానీ, అది పెట్టిన వాళ్ళమ్మ కూడా ఈమధ్య సౌండనే పిలుస్తోంది. కంప్యూటర్లో దొరికే రెడీమేడ్ చప్పుళ్ళు అతికిస్తే కథ చచ్చిపోతుందని ప్రొడ్యూసర్ గట్టి నమ్మకం. అందుకని అక్కడ నటులు మైకు ముందు డైలాగు చదువుతుంటే, అదే గదిలో ఇంకో మైకు ముందు సౌండు తన సామానంతా పరుచుకుని, స్క్రిప్టు అంచున రాసిన మాట చూసి అప్పటికప్పుడు ఆ చప్పుడు పుట్టిస్తాడు.

గాజు తలుపు తోసుకుని ఒకమ్మాయి విసవిసా లోపలికొచ్చింది. లైట్‌హౌస్ కాపలాదారు కూతురి ప్రేమకథతో ఆ రోజే మొదలైన కొత్త సీరియల్‌కి ఆమే రచయిత్రి. స్టూడియోలో అప్పటికే రైటరమ్మ అని పేరు పడిపోయింది.

“ఏంటండీ అది?” అంది.

“కెరటం,” అన్నాడు సౌండు.

“అక్కడ ఇద్దరు ప్రేమికులు కూర్చుని మాట్లాడుకుంటున్నారు.”

“చూశానండీ. అంత కెరటం పక్కన ఎందుకు కూర్చున్నారో నాకూ అర్థం కాలేదు. రాసింది మీరే కదా.”

స్క్రిప్టు ఆమె ముందు పెట్టాడు. అంచున ఆమె చేతిరాతే ఉంది. మొదట ‘అల’ అని రాస్తే, వెడల్పాటి డప్పులో చిన్న చిన్న ఇనపగుండ్లు పోసి అటూ ఇటూ దొర్లించాడు. తర్వాత ‘తరగ’ అంది, తొట్టిలో నీళ్ళు వేలితో కదిపాడు. ఆ తర్వాత ‘తరంగం’ అంది, పాత రేడియో మీట తిప్పి కుయ్యిమనిపించాడు. చివర్లో ‘కెరటం’. దానికి రేకు తప్ప ఇంకేం సరిపోతుంది?

రైటరమ్మ తల పట్టుకుంది. “ఈ నాలుగూ ఒకటేనండీ. ఒకే పేజీలో ఒకే మాట మళ్ళీ రాస్తే మా టీచర్ ఎర్రసిరాతో కొట్టేసేవారు. అందుకని మార్చి మార్చి రాశాను.”

“ఆవిడకేం, హాయిగా కొట్టేసి వెళ్ళిపోయారు. మోగించాల్సింది నేను.”

నటులు కిసుక్కున నవ్వారు. దాంతో రైటరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

“అంత తెలిసినట్టు మాట్లాడుతున్నారు, అసలు సముద్రం గురించి మీకేం తెలుసు?”

ఇక్కడ సౌండు ‘నాకేం తెలీదండీ’ అని ఊరుకుని ఉంటే గొడవ వదిలిపోయేది. కానీ నలుగురి ముందు నవ్వించిన మనిషి నలుగురి ముందు నోరు మూసుకోలేడు. నోరు జారాడు.

“నాకా? నేను సముద్రం పక్కనే పెరిగానండీ. మా ఇంటి కిటికీ తీస్తే సముద్రం.”

నిజానికి వాళ్ళింటి కిటికీ తీస్తే బస్ డిపో. రివర్సు తీసే బస్సులకి కండక్టర్లు వేసే విజిళ్ళు, అద్దాలు దబదబా బాదిన చప్పుళ్ళు వింటూ పెరిగినవాడు. సముద్రాన్ని బొమ్మల్లో తప్ప చూసి ఎరగడు. ఆ ఊరి నుంచి సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాలి. ఎందుకో అతనికి ఎప్పుడూ కుదరలేదు.

రైటరమ్మ కోపం చప్పున చల్లారింది. కళ్ళు ఇంతింతయ్యాయి.

“నిజంగానా? అయితే ఏ మాట ఎక్కడ వాడాలో మీరే నాకు చెప్పాలి. ప్లీజ్,” అంది.

ఆ ‘ప్లీజ్’ దగ్గర సౌండు పని అయిపోయింది. ఆ కళ్ళని చూస్తూ బస్ డిపో గురించి ఎవడు మాట్లాడతాడు?

*

ఆనాటి నుంచి రికార్డింగు ముందు టీ తాగే గదిలో ఇద్దరికీ సముద్రం పాఠాలు. పాఠం చెప్పేవాడికి సబ్జెక్టు తెలీదు. అందుకని సౌండు బస్సులో ఇంటికెళ్తూ దారి పొడుగునా మాటల్ని నమిలేవాడు. జనం ఏ మాట ఎక్కడ వాడతారో గమనించి, అందులోంచి సముద్రాన్ని లాగేవాడు.

“అలకీ కెరటానికీ తేడా ఏంటి?” అని అడిగేది రైటరమ్మ, టీ ఊదుకుంటూ.

“అల ఊరికే వస్తుంది, ఊరికే పోతుంది. దానికేం పనుండదు. పిల్లల నవ్వు అలలు అలలుగా వినబడింది అంటాం కదా. కెరటాలు కెరటాలుగా నవ్వారంటే భయపడి పారిపోతాం.”

“మరి కెరటం?”

“అది లేస్తుంది. ఎగిసి పడుతుంది. ఎన్నికలప్పుడు గోడల మీద చూడండి, కొత్తగా వచ్చిన కుర్రాడికి యువకెరటం అని రాస్తారు. యువ అల అని రాస్తే ఆయనకి ఓటెవడేస్తాడు?”

ఆమెకి టీ పొలమారింది. దగ్గుతూ నవ్వింది. ఆ నవ్వు ఇంకొంచెం సేపు వినడానికి సౌండు మిగతా మాటలన్నీ వరసగా దింపేశాడు. తరంగం సైన్సు పుస్తకాల పాలైపోయింది, రేడియో తరంగాలుంటాయి గానీ రేడియో అలలుండవు. తరగ మరీ చిన్నపిల్ల, దానికి సముద్రం కూడా అక్కర్లేదు, చెరువు చాలు. పోటంటే సముద్రం మొత్తంగా ఇంటిమీదికొచ్చేయడం, ఆటు అంటే వచ్చిన దారినే వెళ్ళిపోవడం. ఉప్పెన జోలికి మాత్రం పోవద్దు, అది ఊళ్ళు ముంచే మాట, కథంతటికీ ఒక్కసారే వాడుకోవాలి.

“కల్లోలం కూడా ఒకప్పుడు పెద్ద అలేనండీ,” అన్నాడొకసారి. “ఇప్పుడది సముద్రం వదిలేసి ఇళ్ళల్లో కాపురం పెట్టింది.”

“మా అమ్మ బీరువా సర్దిన రోజు మా ఇంటికి రండి, చూద్దురు గాని,” అంది ఆమె.

స్క్రిప్టులు మారిపోయాయి. ప్రేమికులు మాట్లాడుకుంటే అంచున ‘అల’ అని మాత్రమే ఉండేది. నాయిక తండ్రికి కోపం వస్తే ‘కెరటం’. ఆమె ఆ మాట రాస్తే ఆ చప్పుడే కావాలని అర్థం, అతను ఆ చప్పుడు చేస్తే ఆమె మనసులో ఉన్నదదే అని అర్థం. వినేవాళ్ళు ఎక్కువయ్యారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుంటే కాళ్ళు తడుస్తున్నట్టుందని మెసేజీలు పెట్టేవారు. ప్రొడ్యూసర్ గాల్లో తేలుతున్నాడు.

సౌండు మాత్రం తేలడం లేదు, నిండా మునిగిపోయాడు. రైటరమ్మ గాజు తలుపు అవతల కూర్చుని, డైలాగులన్నీ తనూ పెదాలతో పలుకుతూ ఉంటుంది. అల వచ్చే చోట మాత్రం పెదాలు ఆపేసి అతని వైపు చూస్తుంది. ఆ ఒక్క చూపు కోసం అతను డప్పు పట్టుకుని పొద్దున్నుంచీ ఎదురుచూసేవాడు. ప్రేమించాడు, అంతే. దానికి ఇంకో మాట అతని దగ్గర లేదు. కాకపోతే ప్రేమ పెరిగిన కొద్దీ ఆ అబద్ధం కూడా గొంతులో ముల్లులా పెరుగుతోంది. నిజం చెబితే పాఠాలు ఆగిపోతాయి. పాఠాలు ఆగితే ఆమెకి తనతో మాట్లాడాల్సిన పనేముంది?

*

ఆ స్టూడియో పైకప్పు రేకులది. వాన పడితే మైకులన్నిట్లోనూ వానే. రికార్డింగు ఆపేసి అందరూ టీలకి వెళ్ళిపోయేవారు. ఆ రోజూ అలాగే వాన దంచికొడుతుంటే లోపల వాళ్ళిద్దరే మిగిలారు.

“మీకో విషయం చెప్పాలి,” అంది రైటరమ్మ, కుర్చీ దగ్గరికి లాక్కుని. “మా నాన్న సెలవు మీద వస్తున్నారు. ఓడలో ఇంజినీరు అని చెప్పానా?”

చెప్పలేదు. సౌండు చేతిలో డప్పు కింద పెట్టేశాడు.

“పెళ్ళికి ముందు నుంచీ ఆయన సముద్రం మీదే. నేనింతవరకు సముద్రం చూళ్ళేదు తెలుసా? నాన్న ఫోన్లో చెప్పే సముద్రమే నాకు తెలిసిన సముద్రం. మీరు మాట్లాడుతుంటే అచ్చం ఆయన మాట్లాడినట్టే ఉంటుంది. అందుకే ఆయనకి మీ గురించి చెప్పాను.”

“ఏమని?”

“సముద్రం పక్కన పెరిగిన మనిషని. ఇంకా కొంచెం చెప్పాను.” ఆమె చున్నీ కొసని వేలికి చుట్టుకుంది. “మిమ్మల్ని చూపిస్తానన్నాను.”

ఆ మాట కోసం అతను ఎన్నాళ్ళ నుంచో కాచుకుని ఉన్నాడు. తీరా వచ్చాక, దాన్ని అందుకునే మొహం తనకి లేదనిపించింది. ఈ అబద్ధం మీద ఇంకొక్క మెట్టు కూడా ఎక్కలేననుకున్నాడు.

“రైటర్‌గారూ, మా కిటికీ తీస్తే సముద్రం ఉండదండీ,” అన్నాడు. “బస్ డిపో ఉంటుంది. నేనూ సముద్రం చూళ్ళేదు.”

ఆమె ముందు నవ్వింది, జోకనుకుని. అతను నవ్వలేదు.

“మరి మీరు చెప్పినవన్నీ?”

“మాటల్ని పట్టుకుని ఊహించాను.”

“నేను రాసిందంతా ఆ ఊహ మీదేనా?” ఆమె లేచి నిలబడింది. “మీరు సముద్రం చూళ్ళేదని కాదు నా బాధ. మొదటి రోజు కోపంలో ఏదో అన్నారు, సరే. తర్వాత ఇన్నాళ్ళు నా ఎదురుగా కూర్చుని టీ తాగారు కదా. ఒక్క రోజైనా చెప్పబుద్ధి కాలేదా?”

“చెబితే మీరు నన్నేమీ అడగరని భయం,” అన్నాడు. కానీ అప్పటికే ఆమె తలుపు దాకా వెళ్ళిపోయింది. ఆ వానలో, ఆ రేకుల కింద, అతని మాట అతనికే వినబడలేదు.

*

మర్నాడు వచ్చిన స్క్రిప్టులో సముద్రం లేదు.

నాయిక బట్టల షాపుకెళ్ళింది. సౌండు హ్యాంగర్లు జరిపాడు, ఫ్యాను తిప్పాడు, గాజు తలుపు తెరిచి మూశాడు. ఆ తర్వాతి భాగంలో ఆమెకి పన్ను నొప్పొచ్చి డాక్టరు దగ్గరికెళ్ళింది. ఎపిసోడంతా చిన్న మోటరు గుర్రుమంటూనే ఉంది. ఇంకో భాగంలో హీరో, హీరోయిన్ ఒక ఆఫీసు లిఫ్టులో ఇరుక్కున్నారు. గంట తప్ప చప్పుడే లేదు. రైటరమ్మ గాజు అవతల కూర్చుని నేల చూపులు చూసేది తప్ప తలెత్తేది కాదు. అతను మీట నొక్కిన ప్రతిసారీ లిఫ్టు గంట మాత్రం బుద్ధిగా మోగేది.

సౌండు పన్ను పీకే చప్పుడు కూడా ప్రాణం పెట్టి చేశాడు. ఆమె రాసింది మరి.

“సముద్రం ఏమైందమ్మా, ఎండిపోయిందా?” అన్నాడు ప్రొడ్యూసర్.

“లీవులో ఉంది సార్,” అంది రైటరమ్మ.

వినేవాళ్ళు ఊరుకోలేదు. లైట్‌హౌస్ ఎవరికైనా అమ్మేశారా అని ఒకాయన అడిగాడు. ఈ పళ్ళ డాక్టరు గోల మాకెందుకని ఇంకొకామె రాసింది. ప్రొడ్యూసర్ గాల్లోంచి నేల మీదికి దిగి, వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూడసాగాడు.

లిఫ్టు భాగం వెలువడిన మరుసటి పొద్దున, రికార్డింగు సగంలో ఉండగా గాజు తలుపు భళ్ళున తెరుచుకుంది.

“సముద్రం ఏదమ్మా?”

చప్పుడు కొలిచే మీటర్లో ముల్లు ఎర్రగీత దాటిపోయింది. గుమ్మంలో భారీ మనిషి నిలబడి ఉన్నాడు, ఎండకి కమిలిన మొహం, చేతిలో ఇంకా తెరవని ప్రయాణపు బ్యాగు. ఆయన మామూలుగా మాట్లాడితేనే పక్కగది వాళ్ళు కూడా జవాబు చెబుతారు.

“నాన్నా, మెల్లిగా. రికార్డింగు నడుస్తోంది,” అంది రైటరమ్మ, పరిగెత్తుకొచ్చి.

“నడవనీ. ఓడలో ఖాళీ దొరికితే చాలు, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఇదే వినేవాడిని. నిన్న చూస్తే లిఫ్టు. నేను సెలవు పెట్టి వచ్చింది లిఫ్టు కోసమా? ఆ అలలు చేసే అబ్బాయి ఎవరు?”

ఎవరూ చూపించనక్కర్లేకపోయింది. డప్పు పక్కన నిలబడింది ఒక్కడే. ఆయన దగ్గరికొచ్చి సౌండు భుజం మీద చెయ్యేశాడు. ఆ బరువుకి సౌండు కొంచెం కుంగాడు.

“నువ్వేనా బాబూ? సముద్రం పక్కన పెరిగావట. అమ్మాయి చెప్పింది.”

సౌండు రైటరమ్మ వైపు చూశాడు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. తండ్రికి నిజం చెప్పలేదన్నమాట. చెప్పమనీ అనడం లేదు, చెప్పొద్దనీ అనడం లేదు. ‘అవునండీ’ అంటే చాలు, ఈ పెద్దాయన మెచ్చుకుంటాడు, తండ్రి ముందు ఆ అమ్మాయి పరువు నిలబడుతుంది. ‘కాదండీ’ అంటే, కూతురికి అబద్ధం చెప్పిన మనిషిగా ఈయన కళ్ళల్లో మిగిలిపోవాలి.

“కాదండీ,” అన్నాడు. “సముద్రం నేను చూడనే లేదు. మీ అమ్మాయికి అబద్ధం చెప్పాను. మొదట గొప్ప కోసం చెప్పాను. తర్వాత ఆవిడ నాతో మాట్లాడడం మానేస్తారని భయపడి దిద్దుకోలేదు. తప్పు నాదే. ఆవిడకేమీ తెలీదు.”

పెద్దాయన చెయ్యి భుజం మీది నుంచి జారింది. ఆయన సౌండు వైపు, తర్వాత డప్పు వైపు, తర్వాత కూతురి వైపు చూశాడు. బ్యాగు కింద పెట్టి స్టూలు మీద కూలబడ్డాడు.

“నేనూ వినలేదు,” అన్నాడు.

“ఏంటి నాన్నా?”

“అల చప్పుడు. ఈ పిల్లాడు చేసేదాకా నేను సరిగ్గా వినలేదమ్మా. నా ఉద్యోగం ఓడ అడుగున, ఇంజన్ల మధ్య. మనిషి పక్కనే నిలబడి అరిచినా వినబడదు. పైకెక్కితే హోరుగాలి. రేవులో క్రేన్ల మోత. ఈ చెవులు ఎప్పుడో సగం పోయాయి. ఇంక అల ఎక్కడ వినను?”

“మరి నాకు చిన్నప్పుడు ఫోన్లో వినిపించేవాడివి. కిటికీలోంచి ఫోను బయటపెట్టానని చెప్పి...”

ఆయన తల గోక్కున్నాడు. “నీకు అల చప్పుడు వినబడితే గానీ నిద్ర పట్టేది కాదు. ఏం చెయ్యను? ఇంజన్ మోత వినిపించనా?”

ఆయన అరచెయ్యి నోటికడ్డం పెట్టుకుని, బుగ్గలు పూరించి, మెల్లగా గాలి వదిలాడు. దూరాన్నుంచి వచ్చి, ఇసక మీద పరుచుకుని, వెనక్కి జారిపోయింది ఒక అల. సౌండు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. అతని ఇనపగుండ్లకి కూడా ఆ వెనక్కి జారడం అంత బాగా రాదు.

రైటరమ్మ కళ్ళు నిండిపోయాయి. “అది నువ్వా?” అంది. “ఇన్నేళ్ళూ అది నువ్వేనా?”

“సముద్రం లేనప్పుడు నాన్నే చెయ్యాలి కదమ్మా. నిజం తెలిస్తే నువ్వు ఫోను పెట్టేస్తావేమోనని నాకూ భయమే.”

ఆమె ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూనే తండ్రి చేతి మీద ఒకటి వేసింది. “ఇద్దరూ ఇద్దరే. మీ సముద్రాల్ని నమ్మి నేను సీరియల్ రాశాను.” ఆమెకి తనలో కోపం ఎక్కడుందా అని వెతుక్కున్నా దొరకలేదు. తనని నిద్రపుచ్చిన అలకీ, తన కథని నిలబెట్టిన అలకీ వెనక ఉన్నది ఒకటే భయం. తను దూరమైపోతుందన్న భయం. దాని మీద ఇంకెంతసేపు అలగగలదు?

సౌండు వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. “ఇంకేమైనా అబద్ధాలున్నాయా? ఉంటే ఇప్పుడే చెప్పేయండి.”

“అబద్ధాల్లేవు. ఒక నిజం మిగిలిపోయింది.”

“చెప్పండి.”

అతను ఒకడుగు దగ్గరికొచ్చాడు. ఆమెకి మాత్రమే వినబడేలా, “మీరంటే నాకు ప్రాణం,” అన్నాడు.

“ఏమన్నాడమ్మా?” అని అడిగాడు పెద్దాయన, చెవి ముందుకు పెట్టి.

“ఏం లేదు నాన్నా.”

“ఏం లేకపోతే నువ్వెందుకలా ఎర్రబడ్డావు? బాబూ, నాకు మెల్లిగా చెబితే వినబడదు. గట్టిగా చెప్పు.”

సౌండు నటుల వైపు చూశాడు. వాళ్ళంతా కాగితాలు ఒళ్ళో పెట్టుకుని హాయిగా కూర్చున్నారు. అతను గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

“మీ అమ్మాయంటే నాకు ప్రాణమండీ. ఆవిడ ఒప్పుకుంటే పెళ్ళి చేసుకుంటాను.”

ముల్లు మళ్ళీ ఎర్రగీత దాటింది. పెద్దాయన తాపీగా తల ఊపాడు. “ఇది వినబడింది. అడ్డంగా దొరికిపోతానని తెలిసీ నిజం చెప్పినవాడివి, నాకు నచ్చావు. దాని మాట మాత్రం అదే చెప్పాలి.”

గోడ మీది స్పీకర్లోంచి ప్రొడ్యూసర్ గొంతు వచ్చింది. “సారీ అమ్మా, మైకులు ఆన్‌లోనే ఉన్నాయి. అబ్బాయి చివర్లో మరీ అరిచాడు, మాట పగిలింది. మళ్ళీ ఒకసారి చెప్పిస్తావా?”

రైటరమ్మ సౌండు చెయ్యి పట్టుకుంది.

“అక్కర్లేదు సార్,” అంది అతన్నే చూస్తూ. “మెల్లిగా చెప్పినప్పుడే నాకు వినబడింది. నువ్వంటే నాకూ ప్రాణమే.”